భుజం దగ్గర తప్పిన కొలత: అంతరిక్షంలో మహిళల దుస్తులు, సౌకర్యాలపై సమీక్ష

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు గడపబోయే ఒక మహిళకు ఒంటిమీదికి ఏమేమి ఇస్తారు, అవి ఆమె శరీరానికి ఎంతవరకు నప్పుతాయి, ఎక్కడ ఇబ్బంది పెడతాయి అన్నదే ఈ సమీక్ష విషయం. లోదుస్తులు, వ్యాయామపు బట్టలు, నెలసరి ఏర్పాట్లు, మరుగుదొడ్డి, డైపర్, ప్రయాణపు సూటు, చివరిగా కేంద్రం బయట శూన్యంలో పనిచేసేటప్పుడు తొడుక్కునే స్పేస్ వాక్ సూటు, అన్నీ ఇందులోకి వస్తాయి. వీటిని కొట్టుకు వెళ్లి తొడుక్కుని చూసే వీలు మనకు లేదు కనుక, తొడుక్కున్న మహిళలు బహిరంగంగా చెప్పిన సంగతులను, నాసా వెల్లడించిన వివరాలను, ప్రచురితమైన వైద్య పరిశోధనలను ఆధారం చేసుకుని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లోపల వేసుకునే బట్టలు ఫరవాలేదు, డైపర్ తన పని తాను చేస్తుంది, మరుగుదొడ్డి ఆలస్యంగానైనా బాగుపడింది, ప్రయాణపు సూట్లు మెచ్చుకోదగ్గవి. కానీ అన్నిటికన్నా ముఖ్యమైన స్పేస్ వాక్ సూటు మాత్రం చిన్న భుజాలున్న మనిషిని లెక్కలోకి తీసుకోకుండానే దశాబ్దాలు నెట్టుకొచ్చింది.

ముందు రోజువారీ బట్టల సంగతి. కేంద్రం లోపల గాలి పీడనం, ఉష్ణోగ్రత మన ఇళ్లలో ఉన్నట్టే ఉంటాయి కనుక టీషర్టు, ప్యాంటు లేదా షార్ట్స్, సాక్స్ ఉంటే సరిపోతుంది. బూట్లు వ్యాయామం వేళ తప్ప అక్కర్లేదు. అక్కడ బట్టలు ఉతికే ఏర్పాటు లేదు. నాసా చెప్పిన వివరాల ప్రకారం లోదుస్తులు, సాక్స్ రెండు రోజులకు ఒకసారి, వ్యాయామపు టీషర్టు, షార్ట్స్ మూడు రోజులకు ఒకసారి, పని వేళల్లో వేసుకునే చొక్కా, ప్యాంటు సుమారు 10 రోజులకు ఒకసారి మారుస్తారు. మాసినవన్నీ చెత్తతో పాటు సరుకు నౌకలోకి ఎక్కి, ఆ నౌక తిరుగు దారిలో వాతావరణంలోకి రాగానే కాలి బూడిదవుతాయి. ఒక్కో వ్యోమగామికి ఏడాదికి సుమారు 73 కిలోల బట్టలు పైకి పంపవలసి వస్తుందన్న లెక్క చూస్తే, రెండు రోజులకు ఒక జత లోదుస్తులు అన్న పొదుపు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. అయినా రోజూ రెండు గంటలకు పైగా వ్యాయామం చేసే, నెలసరి కూడా ఉండే మహిళకు ఈ కేటాయింపు పలచనే. ఏయే బట్టలు కావాలో ప్రయాణానికి నెలల ముందే ఎంచుకునే వీలుండడం ఇందులో మంచి విషయం. మూడు రోజులు ఒకే బ్రా వేసుకుని పరుగెత్తవలసి వచ్చినప్పుడు, అది తనకు అలవాటైనదీ, తను ఎంచుకున్నదీ కావడం చిన్న ఊరట కాదు.

భారరహిత స్థితిలో శరీరమే మారిపోతుందన్న సంగతి బట్టలు కుట్టేవారికి అన్నిటికన్నా పెద్ద చిక్కు. కిందికి లాగే బరువు లేకపోవడంతో వెన్నుపూసల మధ్య ఎడం పెరిగి మనిషి మూడు శాతం వరకు పొడవు పెరగవచ్చు. కాళ్లలో ఉండవలసిన ద్రవం పైకి చేరి ముఖం ఉబ్బుతుంది, పిక్కలు సన్నబడతాయి. మోకాళ్లు, మోచేతులు కొద్దిగా మడిచి, నీళ్లలో తేలుతున్నట్టు ఉండే భంగిమే అక్కడ శరీరానికి సహజమైన నిలుపు. భూమ్మీద నిటారుగా నిలబెట్టి తీసిన కొలత అక్కడ సరిగ్గా సరిపోదు. వదులు టీషర్టు ఒంటిని అంటుకుని ఉండక పైకి తేలుతుంది. నడుము దగ్గర ఉన్న జేబులోకి చెయ్యి పెట్టడం కన్నా తొడ మీదో పిక్క మీదో ఉన్న జేబులోకి పెట్టడం తేలిక. అందుకే ప్యాంట్లకు అక్కడ జేబులు, వస్తువులు అంటించుకోవడానికి వెల్క్రో పట్టీలు ఉంటాయి. ఆడవారి బట్టలకు జేబులు పెట్టడానికి భూమ్మీది దుకాణాలు పడే లోభం తలచుకుంటే, ఈ ఒక్క విషయంలో అక్కడి బట్టలు మన బట్టలకన్నా నయం. సాక్స్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. నడక లేకపోవడంతో అరికాళ్ల చర్మం మెత్తబడి పొరలుగా ఊడుతుంది. ఒకచోట నిలవడానికి కమ్మీల కింద పాదాలు దూర్చి పట్టు తెచ్చుకుంటారు కనుక కాయలు పాదాల పైభాగాన కాస్తాయి. సాక్స్ మందం ఉండవలసింది అడుగున కాదు, పైన.

వ్యాయామం దగ్గర ఆడవారికి ఇబ్బంది పెట్టేది బట్ట కాదు, ట్రెడ్‌మిల్ పట్టీలు. బరువు లేని చోట పరుగెత్తాలంటే మనిషిని యంత్రానికి కట్టి కిందికి లాగాలి. ఆ లాగుడంతా భుజాల మీద, తుంటి ఎముకల మీద పడుతుంది, పట్టీ ఒరుసుకున్న చోట చర్మం కందుతుంది. 2007 ఏప్రిల్‌లో సునీతా విలియమ్స్ బోస్టన్ మారథాన్ దూరాన్ని ఈ పట్టీలతోనే అంతరిక్ష కేంద్రంలో 4 గంటల 24 నిమిషాల్లో పూర్తి చేశారు. పరుగు సాధ్యమేనని అది చూపింది గానీ, పట్టీలు సుఖంగా ఉన్నాయనడానికి అది రుజువు కాదు. చెమట సంగతి కూడా వేరుగా ఉంటుంది. అది కారదు, ఒంటికే పొరలా పట్టుకుని పేరుకుంటుంది కనుక తువ్వాలుతో అద్దుకుంటూ ఉండాలి. తడిసిన బట్ట ఆరవేస్తే అందులోని తేమ కేంద్రపు గాలిలో కలిసి, మళ్లీ తాగే నీరుగా శుద్ధి అవుతుంది. జుట్టు పొడవుగా ఉన్నవారికి స్నానపు గది లేదన్న బెంగ ఉండవచ్చు. 2013లో వ్యోమగామి కరెన్ నైబర్గ్ అక్కడి నుంచే ఒక వీడియోలో, సంచీలోంచి కొద్దిగా గోరువెచ్చటి నీటిని తలకు పట్టించి, కడగనక్కరలేని షాంపూతో రుద్ది, తువ్వాలుతో తుడుచుకుని చూపించారు. పొడవు జుట్టు కత్తిరించుకోనక్కరలేదని అర్థమయ్యేలా చూపిన ఆ వీడియో నా దృష్టిలో ఎన్నో అధికారిక పత్రాలకన్నా ఉపయోగకరమైనది.

ఈ సరఫరా పద్ధతి ఎంత నాజూకైనదో 2024 జూన్‌లో తెలిసింది. కేంద్రంలో మూత్రాన్ని శుద్ధి చేసే యంత్రపు పంపు చెడిపోవడంతో, బోయింగ్ సంస్థ నౌక స్టార్‌లైనర్‌లో కొత్త పంపుకు చోటు చేయడానికి సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ల సొంత బట్టల పెట్టెలను దించేశారు. సుమారు ఎనిమిది రోజుల ప్రయాణమే కదా, కేంద్రంలో ఉన్న అదనపు బట్టలు సరిపోతాయని అనుకున్నారు. ఆ ప్రయాణం 286 రోజులు సాగింది, వారి బట్టలు ఆగస్టులో సరుకు నౌకలో చేరాయి. పంపు ముఖ్యమే, కాదనను. కానీ ఇతరుల కోసం దాచిన అదనపు బట్టల్లో కొలత కుదరడం అన్నది చిన్న ఒడ్డూ పొడుగూ ఉన్నవారికే ఎక్కువ కష్టమవుతుంది. బరువు తగ్గించవలసి వచ్చినప్పుడు లోదుస్తుల సంచీనైనా మినహాయించే నియమం ఒకటి ఉండాలి.

నెలసరి విషయానికి వస్తే, చరిత్ర మొదట్లో అజ్ఞానం, తర్వాత ఇంగితం కనబడతాయి. 1983 జూన్‌లో శాలీ రైడ్ తొలి అమెరికన్ మహిళా వ్యోమగామిగా బయలుదేరే ముందు, వారం కూడా నిండని ఆ ప్రయాణానికి 100 ట్యాంపన్లు సరిపోతాయా అని ఇంజనీర్లు ఆమెను అడిగారు. ఆ సంఖ్య సరైనది కాదని ఆమె చెప్పవలసి వచ్చింది. అడగడం తప్పు కాదు, అడగకుండా తక్కువ పంపి ఉంటే అది నేరమయ్యేది. ఈ ప్రశ్నకు జవాబు అడిగినవారికి తెలియకపోవడమే అసలు లోటు. బరువు లేని స్థితిలో రక్తం బయటికి రాకుండా వెనక్కి, పొత్తికడుపులోకి వెళ్తుందేమోనన్న భయం కూడా అప్పట్లో ఉండేది. సమస్య ఎదురయ్యేదాకా దాన్ని సమస్యగా చూడవద్దని మహిళా వ్యోమగాములే పట్టుబట్టారు, ఆ భయం నిజం కాలేదు.

ఇప్పుడు దీర్ఘకాలం వెళ్లేవారిలో చాలామంది హార్మోన్ మాత్రలను విరామం లేకుండా వాడి నెలసరిని ఆపుకుంటారు. ఆపుకోవాలా వద్దా అన్నది వారి సొంత నిర్ణయం. 2016లో పరిశోధకులు వర్ష జైన్, వర్జీనియా వొట్రింగ్ ప్రచురించిన పత్రం మూడేళ్ల ప్రయాణానికి సుమారు 1,100 మాత్రలు అవసరమవుతాయని లెక్క చెప్పి, గర్భాశయంలో అమర్చే పరికరాలు, చర్మం కింద పెట్టే ఇంప్లాంట్లు బరువు పరంగా మేలైన ప్రత్యామ్నాయాలని సూచించింది. కేంద్రపు వ్యర్థాల వ్యవస్థను మొదట నెలసరి రక్తాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదన్నది మాత్రలవైపు మొగ్గడానికి ఒక కారణం. పరికరం కుదరదు కనుక శరీరాన్ని సర్దుకొమ్మనడం నాకు నచ్చదు. మాత్ర వేసుకోవడం స్వేచ్ఛగా ఎంచుకున్నదైతే సరే, ప్యాడ్ పారేసే చోటు సరిగా లేకనైతే సరి కాదు. మళ్లీ మళ్లీ వాడుకునే మెన్‌స్ట్రువల్ కప్పులను మనుషులు లేని రాకెట్‌లో పంపి పరీక్షించిన బృందం ఒకటి 2025లో ఫలితాలు ప్రచురించింది. ఇలాంటి ప్రయత్నాలు మరిన్ని రావాలి.

మరుగుదొడ్డి విషయంలో మాత్రం మెప్పు చెప్పవలసిందే. అంతరిక్షంలో నీళ్లు పోసి శుభ్రం చేసుకునే వీలుండదు, గాలి పీల్పుతో అంతా లోపలికి లాగాలి. మూత్రానికి గొట్టం చివర గరాటు, మలానికి వేరుగా చిన్న పీట. పాత అమరికలో ఆ గరాటునూ పీటనూ ఒకేసారి వాడడం ఆడవారికి చాలా కష్టంగా ఉండేది. ఆడవారి శరీరం రెండు పనులనూ వేరుచేయడం ఎంత కష్టమో గీత గీసేవారికి తట్టి ఉండదు. మహిళా వ్యోమగాముల సలహాలు తీసుకుని గరాటు ఆకారాన్ని, పీట కోణాన్ని మార్చి చేసిన కొత్త మరుగుదొడ్డిని 2020 అక్టోబరులో పైకి పంపారు. దాని తయారీకి 2.3 కోట్ల డాలర్లు ఖర్చయింది. పాతదానికన్నా ఇది 65 శాతం చిన్నది, 40 శాతం తేలిక. దాన్ని మోసుకెళ్లిన సిగ్నస్ సరుకు నౌకకు కల్పనా చావ్లా పేరు పెట్టారు.

ఇక డైపర్. ప్రయోగం రోజున రాకెట్‌లో వెల్లకిలా పడుకుని గంటలకొద్దీ నిరీక్షించాలి, స్పేస్ వాక్ అయితే సూటు తొడుక్కున్నప్పటి నుంచి విప్పేదాకా ఎనిమిది గంటలు దాటవచ్చు. తొలి రోజుల్లో మగవారికి తొడుగు, గొట్టం, సంచీ ఉన్న పరికరం ఇచ్చేవారు. స్పేస్ షటిల్‌కు మహిళలు ఎంపికయ్యాక, వారి కోసం పీల్చుకునే పొరలతో నిక్కరు వంటిది తయారుచేశారు. అది గొట్టం కన్నా నమ్మకమైనదని తేలడంతో కొద్దికాలానికి మగవారు కూడా అలాంటిదానికే మారారు. ఇప్పుడు అందరూ వాడేది సుమారు 2 లీటర్ల వరకు పట్టగల డైపరే. ఆడవారి అవసరం కోసం చేసినది అందరికీ మేలైనదిగా నిలిచిన ఈ ఉదాహరణ సూట్ల కొలతలు నిర్ణయించేవారు గోడకు రాసిపెట్టుకోదగ్గది. లోపం లేదని కాదు. తడి చర్మానికి గంటలకొద్దీ అంటుకుని ఉండడం వల్ల ఒరుపులు, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వచ్చే ప్రమాదాన్ని పరిశోధకులు ఎత్తిచూపారు. దాన్ని తప్పించుకోవడానికి నీళ్లు తక్కువ తాగడం మరో ప్రమాదానికి దారి. ఎనిమిది గంటల కష్టానికి సూటులో ఇచ్చే తాగునీరు ఒక లీటరు కూడా ఉండదు మరి.

పైకి వెళ్లేటప్పుడు, దిగేటప్పుడు వేసుకునే సూట్లలో రష్యావారి సోకోల్ నాకు బాగా నచ్చినది. దాన్ని ఒక్కొక్కరికీ విడిగా కొలతలు తీసి కుడతారు. పొట్ట మీద వెడల్పాటి చీలిక ఉంటుంది. అందులోంచి కాళ్లు దూర్చి, తల పైకి తీసి, ఆ తర్వాత గాలి చొరని లోపలి గుడ్డనంతా ఒక చేతి కట్టగా కుచ్చెళ్లు పట్టి, రబ్బరు పట్టీలతో గట్టిగా చుట్టి మూసేస్తారు. జిప్పు మీద ఆధారపడకుండా గుడ్డను ముడిచి గాలి ఆపడమన్నది కుట్టుపని తెలిసిన ఎవరికైనా ముచ్చట గొలిపే పరిష్కారం. కూర్చునే భంగిమకు కుట్టారు కనుక నిలబడితే నడుము వంగిపోతుంది. అది చేసే పనికి అదే సరైన కొలత. కూర్చునే సీటు లోపల అమర్చే లైనర్‌ను కూడా ఎవరి వీపుకు వారికి అచ్చు తీసి చేస్తారు. స్పేస్‌ఎక్స్ కూడా తన ప్రయాణపు సూట్లను మనిషి మనిషికీ కొలిచి చేస్తుంది. అలా చేసిన వాటిలో అదనంగా ఉన్న ఒకటి సునీతా విలియమ్స్‌కు సరిపోవడం వల్లనే ఆమెకు తిరుగు ప్రయాణపు సూటు కోసం ఎదురుచూడవలసిన పని లేకపోయింది.

ఇప్పుడు అసలు విషయం. అమెరికన్ స్పేస్ వాక్ సూటు 1970లలో షటిల్ కోసం రూపుదిద్దుకున్నది. లోపల మొదట సన్నటి గొట్టాలు అల్లిన బిగుతు దుస్తు ఒకటి వేసుకుంటారు. సుమారు 91 మీటర్ల గొట్టంలో చల్లటి నీరు పారుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. ఆ భాగం బాగుంది. సాగే గుడ్డ కనుక ఎవరి ఒంటికైనా సర్దుకుంటుంది. దాని మీద వచ్చే ప్యాంటు, చేతులు, చేతి తొడుగులు ముక్కలు ముక్కలుగా అమర్చేవి కనుక, మధ్యలో ఉంగరాల వంటి భాగాలు పెంచి తగ్గించి పొడవును సర్దవచ్చు. సర్దడానికి వీలులేనిది ఒక్కటే, భుజాలనూ ఛాతీనీ కప్పే ఫైబర్‌గ్లాస్ తొడుగు. హెల్మెట్, చేతులు, వీపున ఉండే ప్రాణవాయు యంత్రం అన్నీ దానికే బిగిస్తారు. దాన్ని మొదట ఐదు సైజుల్లో అనుకున్నారు. అతి చిన్నది అంతరిక్షానికి వెళ్లనే లేదు. చిన్న సైజును 1990లలో ఖర్చు తగ్గించే క్రమంలో ఆపేశారు. మిగిలినవి మధ్య, పెద్ద, అతి పెద్ద సైజులు. వరుస నుంచి తీసేసినవి రెండూ చిన్నవైపువే. ఆడవారిని పక్కన పెట్టాలని ఎవరూ తీర్మానించలేదు, లెక్కలు చూసి తీర్మానించారు. కానీ భుజాలు ఇరుకుగా ఉన్నవారిలో ఆడవారే ఎక్కువ కనుక ఫలితం వారి మీదే పడింది.

రవిక కుట్టించుకునే ప్రతి స్త్రీకీ తెలిసినదే: ఛాతీ, నడుము అన్నీ కుదిరినా చంక దగ్గర కోత తప్పితే చెయ్యి పైకి లేవదు. గట్టి తొడుగులో జరిగేది అదే, ఇంకా తీవ్రంగా. చెయ్యి బయటికి వచ్చే రంధ్రాలు భుజాల కీళ్లకన్నా ఎడంగా ఉంటే, కదలిక కీలు దగ్గర మొదలైనా సూటు కదలదు. ప్రతిసారీ భుజం తొడుగు అంచుకు ఆనుకుని నెట్టాలి. పైగా లోపల పీడనం సముద్ర మట్టంలో ఉండే గాలి పీడనంలో మూడో వంతుకు కొద్దిగా తక్కువ. బయట శూన్యం కనుక సూటు బిర్రబిగుసుకుని ఉంటుంది, వేలు ముడిచిన ప్రతిసారీ ఆ బిగువుతో పోరాడాలి. గోళ్లు దెబ్బతిని ఊడిపోవడం వ్యోమగాములలో తెలిసిన గాయమే. తొడుక్కునే తీరు కూడా భుజానికి మంచిది కాదు. ప్యాంటు వేసుకుని, గోడకు బిగించి ఉన్న ఛాతీ తొడుగు కిందికి వెళ్లి, రెండు చేతులూ తల మీదికి ఎత్తి, కింది నుంచి పైకి దూరాలి. హ్యూస్టన్‌లోని 12 మీటర్ల లోతు శిక్షణ కొలనులో ఈ సూట్లతో తలకిందులుగా పనిచేసినప్పుడు భుజాలకయ్యే గాయాల మీద నాసా వైద్యులే అధ్యయనాలు చేశారు.

2019 మార్చిలో జరిగినదాన్ని ఈ కోణంలోంచి చూడాలి. మార్చి 29న ఆన్ మెక్‌క్లెయిన్, క్రిస్టినా కోక్ కలిసి బయటికి వెళ్లాలి, ఇద్దరు మహిళలు మాత్రమే చేసే మొట్టమొదటి స్పేస్ వాక్ అది అయి ఉండేది. అంతకు ముందు మార్చి 22న మెక్‌క్లెయిన్ మధ్య సైజు తొడుగు వేసుకుని బయటికి వెళ్లి, తనకు అదే సరిగ్గా కుదురుతుందని గ్రహించారు. అంతరిక్షంలో ఆమె 5 సెంటీమీటర్ల పొడవు పెరిగారు కూడా. భూమ్మీద ఆమె మధ్య, పెద్ద సైజులు రెండిటిలోనూ శిక్షణ పొందినా, అంతరిక్షంలో శరీరం చెప్పిన మాటే నిజమైంది. కేంద్రంలో మధ్య సైజువి రెండు ఉన్నా వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే, రెండోదాన్ని అమర్చడానికి గంటలకొద్దీ పని. అందుకని తన స్థానంలో నిక్ హేగ్‌ను పంపమని మెక్‌క్లెయిన్ స్వయంగా సూచించారు. ఆమె తీసుకున్నది సరైన నిర్ణయం, అందుకు ధైర్యం కావాలి. చరిత్రలో పేరు కోసం కుదరని సూటుతో శూన్యంలోకి వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. అయితే ఒక విషయం మనసును కలుక్కుమనిపిస్తుంది. 2018 డిసెంబరులో రష్యా నౌక సోయుజ్‌లో పైకి వెళ్లేటప్పుడు ఆమె ఒంటిమీద ఉన్నది ఆమె కొలతలకే కుట్టిన సోకోల్. ఆమె కోసం కుట్టగలరని తెలిసిన మనిషికే బయటికి వెళ్లే రోజున రెడీమేడ్ సైజుల్లో ఒకటి వెతుక్కోవలసి వచ్చింది.

ఆ లోటును 2019 అక్టోబరు 18న సరిదిద్దారు. రెండో మధ్య సైజు తొడుగు సిద్ధం కావడంతో కోక్, జెస్సికా మీర్ కలిసి 7 గంటల 17 నిమిషాలు బయట పనిచేసి, పాడైన బ్యాటరీ ఛార్జింగ్ యూనిట్‌ను మార్చారు. సునీతా విలియమ్స్ 9 స్పేస్ వాక్‌లలో మొత్తం 62 గంటల 6 నిమిషాలు గడిపి మహిళల్లో రికార్డు నెలకొల్పినదీ ఈ సూటు తరహాలోనే. కనుక సూటు పనికిరానిదని అనలేం. మధ్య సైజుకు కుదిరిన మహిళ చేతిలో అది అద్భుతంగా పనిచేస్తుంది. కుదరని మహిళ పేరు అసలు స్పేస్ వాక్ జాబితాలోకే రాదు, ఆమె నైపుణ్యం రికార్డుల్లో కనిపించదు. సూటు మీద నా ప్రధాన ఫిర్యాదు ఇదే. రష్యావారి స్పేస్ వాక్ సూటు ఓర్లాన్‌తో పోల్చి చూస్తే ఇది తప్పనిసరి కాదని తెలుస్తుంది. దాని వీపు తలుపులా తెరుచుకుంటుంది, మనిషి వెనక నుంచి నేరుగా లోపలికి అడుగుపెడతారు, చేతులు, కాళ్ల పొడవును పట్టీలతో సర్దుకుంటారు. 1984 జూలై 25న సోవియట్ వ్యోమగామి స్వెత్లానా సవిత్‌స్కయా ఆ తరహా సూటులోనే బయటికి వెళ్లి 3 గంటల 35 నిమిషాలు లోహపు పలకలను కోసి, వెల్డింగ్ చేసి వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు ఆమె సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్‌లోకి అడుగుపెట్టినప్పుడు స్వాగతంగా వంటింటి ఏప్రన్ ఇచ్చారు. ఆ సూటు మాత్రం ఆమెకు మర్యాద చేసింది.

కొద్ది నిమిషాల ప్రయాణాలకు వాడే సూట్లు వేరే కోవకు చెందినవి కనుక వాటి మీద ఎక్కువ చెప్పను. 2021 జూలై 11న గుంటూరు ప్రాంతంలో పుట్టిన బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో 80 కిలోమీటర్లు దాటి వెళ్లినప్పుడు వేసుకున్న నీలం సూటు క్రీడాదుస్తుల సంస్థ అండర్ ఆర్మర్ చేసినది. అది పీడనం ఆపే సూటు కాదు, ఒంటికి అతికినట్టు కుట్టిన సాగే దుస్తు. చెమట పీల్చే లోపలి పొర, తేలికైన బూట్లు దానికి జతగా ఉంటాయి. మోచేతిని మడిచి, చేతిలోని మొక్కల ప్రయోగపు గొట్టాలను తిప్పడానికి అడ్డు రాకపోవడమే ఆమెకు కావలసినది, అందుకు అది సరిపోయింది. 2025 ఏప్రిల్ 14న ఆరుగురు మహిళలు బ్లూ ఆరిజిన్ సంస్థ నౌకలో 11 నిమిషాల లోపు చేసిన ప్రయాణానికి మోన్సే అనే ఫ్యాషన్ సంస్థ నిప్పంటుకోని సాగే గుడ్డతో సూట్లు చేసింది. అవి ఆడవారి ఒంటి తీరుకు తగ్గట్టుగా చేసినవి కావడాన్ని కొందరు వేషంగా కొట్టిపారేశారు. ఒంటికి నప్పడాన్ని షోకుగా చూసే ఈ అలవాటే గట్టి సూట్లలో చిన్న సైజులు అనవసరమనుకోవడానికి దారి తీసిందని నా అనుమానం.

చంద్రుడి మీదికి వెళ్లేవారి కోసం ఆక్సియమ్ స్పేస్ చేస్తున్న కొత్త సూటు మీద నాకు ఆశ ఉంది. ఫ్యాషన్ సంస్థ ప్రాదాతో కలిసి చేసిన దాని రూపాన్ని 2024 అక్టోబరులో మిలాన్‌లో చూపించారు. వార్తలన్నీ ప్రాదా పేరు చుట్టూ తిరిగాయి గానీ, నాకు ముఖ్యమనిపించినవి వేరే రెండు. ఇది కూడా వీపు నుంచి లోపలికి వెళ్లేదే కనుక చేతులు తల మీదికి ఎత్తి దూరే బాధ తప్పుతుంది. ఆడవారిలో అతి చిన్న ఒడ్డు ఉన్నవారి దగ్గర మొదలుపెట్టి మగవారిలో అతి పెద్దవారి వరకు అందరికీ సరిపోవాలన్నది మొదటి నుంచీ దీని ముందున్న షరతు. ఆ షరతు కాగితం మీది నుంచి భుజాల దాకా వస్తుందో లేదో చంద్రుడి నేల మీద వంగి రాయి ఏరుకునే మహిళే చెప్పాలి. ప్రతి సూటును అసలైన పీడనం దగ్గర, చిన్న ఒడ్డు ఉన్న మహిళతో ఎనిమిది గంటలు పనిచేయించి చూశాకే ఆమోదించాలని నేను కోరుకుంటాను.

మన గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళపు పురుష పైలట్లే. మహిళలు తర్వాతి దశల్లో వస్తారు. అప్పటికి సూట్లు కొనుక్కున్నా, ఇక్కడే చేసుకున్నా, కొలతల పట్టిక విదేశీ ఒడ్డూ పొడుగుల మీద ఆధారపడి ఉండకూడదు. జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ఆధ్వర్యంలో జరిగిన ఇండియాసైజ్ సర్వేలో హైదరాబాద్ సహా పలు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీపురుషులను త్రీడీ స్కానర్లతో కొలిచారు, 25,000 మందికి పైగా కొలతలు సేకరించాలన్నది దాని లక్ష్యం. రెడీమేడ్ దుస్తుల పరిశ్రమ కోసం తలపెట్టిన ఆ సర్వేలోని మహిళల భుజాల వెడల్పు, చంక చుట్టుకొలత, అరచేతి పొడవుల వివరాలను సూటు గీసేవారి బల్ల మీదికి చేర్చడానికి కొత్త ప్రయోగశాలలేమీ అక్కర్లేదు. చేతి తొడుగులను కనీసం మూడు చిన్న సైజుల్లో, ఛాతీ తొడుగును సర్దుకునే రంధ్రాలతో చేయమని కొనుగోలు పత్రంలో ముందే రాయాలి. ఎంపికైన మొదటి మహిళ పేరు ప్రకటించాక రాస్తే, అప్పటికే అచ్చులు పోసి ఉంటారు.